ఈఈఈ చదివి సైటులో ఎలక్ట్రీషియన్ పనా? ఒంటారియోకి కొత్తగా వచ్చిన అమ్మాయిలకు

"అక్కా, ఇండియాలో ఈఈఈ చదివాను, ఇక్కడ గోడౌన్‌లో ప్యాకింగ్ చేస్తున్నాను, ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా చేరమంటున్నారు, ఆడవాళ్లకి కుదురుతుందా?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. కుదురుతుంది. టొరంటో పక్కన నేను చేస్తున్నది ఆ పనే. "బీటెక్ చదివించింది వైర్లు లాగడానికా" అని ఇంట్లో అంటారు, అననివ్వండి. గోడౌన్‌లో పదేళ్లు చేసినా చేతికి ఏ లైసెన్సూ రాదు.

ముందు కాగితాలు. పీఆర్ (శాశ్వత నివాసం) గానీ, ఎవరి దగ్గరైనా పని చేసుకోనిచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్ గానీ ఉంటే దారి సులువు. 2025 జనవరి 21 నుంచి భార్యాభర్తలకిచ్చే ఓపెన్ పర్మిట్ నిబంధనలు బిగించారు కాబట్టి, అంతకుముందు వచ్చిన స్నేహితురాలు చెప్పింది విని ఊరుకోకుండా మీ విషయం మీరే చూసుకోండి. అలాగే అప్రెంటిస్‌లకు కెనడా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లు 2025 మార్చి 31తో ఆగిపోయాయి, పాత వీడియోలు చూసి ఆ డబ్బు లెక్కలో వేసుకోకండి.

కాలేజీ ఫీజు కట్టేయడానికి తొందరపడొద్దు. ముందు మిమ్మల్ని అప్రెంటిస్‌గా రిజిస్టర్ చేసుకునే కాంట్రాక్టరో యూనియనో దొరకాలి. ప్రభుత్వ ఖర్చుతో నడిచే ప్రీ-అప్రెంటిస్‌షిప్ కోర్సులున్నాయి, కొన్ని ఆడవాళ్లకే ప్రత్యేకం, ముందు వాటికి అప్లై చేయండి. 309ఏ, అంటే ఇక్కడ బిల్డింగ్ ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కి ఉన్న కోడ్, దానికి మొత్తం 9,000 గంటలు, సుమారు ఐదేళ్లు. అందులో 840 గంటలు క్లాసు, మిగతాదంతా జీతంతో సైటులో. మొదట్లో జీతం తక్కువే, దశలవారీగా పెరుగుతుంది. చివర్లో పరీక్షలో 70 శాతం తెచ్చుకుంటే రెడ్ సీల్, అంటే కెనడా అంతటా చెల్లే గుర్తింపు, దాంతో వేరే ప్రావిన్సుకి మారినా పని దొరుకుతుంది.

ఇక నేను గట్టిగా చెప్పాలనుకున్నది. మన ఊళ్లలో బిల్డింగ్ పనిలో ఆడవాళ్లు లేరా? ఇసుక తట్టలు, ఇటుకలు, కాంక్రీటు మోసేది వాళ్లే, కానీ టేపూ లెవెలూ తాపీ మాత్రం మేస్త్రీ చేతిలోనే ఉంటాయి, జీవితమంతా మోసినా కూలీగానే మిగిలిపోతారు. ఇక్కడ కూడా అదే జరగొచ్చు. ఊడవడం, సామాను అందించడం, కాగితాలు సర్దడం, "నువ్వు నీట్‌గా చేస్తావు" అని మెచ్చుకుంటూనే అక్కడే ఉంచేస్తారు. గంటలు పెరుగుతుంటాయి, పని మాత్రం రాదు. మీ లాగ్‌బుక్‌లో ఒక్కో నైపుణ్యానికీ సంతకం కావాలి, కాబట్టి వారం వారం అది తెరిచి చూసుకుని, సంతకం లేని పని ఏదో జర్నీపర్సన్‌కి (మీకు పని నేర్పే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కి) చూపించి "ఈ వారం ఇది నాకివ్వండి" అని అడగండి. మొహమాటపడకండి.

కాండ్యూట్, అంటే వైర్లు పోయే గొట్టం, దాన్ని వంచడమే తీసుకోండి. "దానికి బలం కావాలి" అంటారు. అరంగుళం ఈఎంటీ (పల్చటి లోహపు) గొట్టాన్ని పది అంగుళాల ఎత్తుకి తొంభై డిగ్రీలు వంచాలంటే, బెండర్‌కి (గొట్టం వంచే పనిముట్టుకి) వంపులో పోయే ఐదు అంగుళాలు తీసేసి ఐదు దగ్గర గీత పెట్టాలి, గీతను బెండర్ మీది బాణం గుర్తుకి కలపాలి, కాలు బెండర్ మీద పెట్టి బరువంతా దాని మీదే మోపాలి. ఎక్కువ పని కాలిదే, చేతులు హ్యాండిల్‌ని నడిపిస్తాయంతే. లెక్క తప్పితే ఎంత బలవంతుడు వంచినా గొట్టం స్క్రాపే. ఈఈఈ చదివిన అమ్మాయికి ఈ లెక్క ఒక లెక్కా!

బూట్లు, హార్నెస్, గ్లోవ్స్ మీ సైజువే ఉండాలి, అది నిబంధన, వదులుగా ఉన్న హార్నెస్ వేసుకుని ఎత్తు ఎక్కకండి. వర్కింగ్ ఎట్ హైట్స్ (ఎత్తులో పని చేసే) ట్రైనింగ్ ముందే చేసి పెట్టుకోండి, మూడేళ్లు చెల్లుతుంది. 2023 జూలై నుంచి పెద్ద సైట్లలో ఆడవాళ్లకు వేరే వాష్‌రూమ్ ఉండాల్సిందే, లేకపోతే హెల్త్ అండ్ సేఫ్టీ ప్రతినిధికి చెప్పండి. పని ప్రమాదకరం అనిపిస్తే చేయనని చెప్పే హక్కు చట్టం ఇచ్చింది, కొత్తవాళ్లమని ఊరుకోవద్దు. ఎవరైనా వెకిలిగా మాట్లాడితే తేదీ, టైము, అన్న మాట ఆ రోజే రాసి పెట్టుకోండి.

చిన్నపిల్లలుంటే అసలు టెన్షన్ ఇది: చాలా సైట్లలో పని పొద్దున్నే ఏడింటికి మొదలవుతుంది, చాలా డేకేర్ల తలుపులు అప్పటికి తెరుచుకోవు. పిల్లల్ని పొద్దున ఎవరు దింపుతారో ఆఫర్ రాకముందే మీ ఆయనతో తేల్చుకోండి, "అప్పుడు చూద్దాంలే" అంటే ఒప్పుకోకండి.