"గోమారి విషం పూలు" సరైన మాటేనా?

సందేహం: అమెరికా పల్లె నేపథ్యంగా సాగే ఒక అనువాద కథలో, దారి పక్కన "గోమారి విషం పూలు" పూశాయని చదివాను. మూలంలో ఉన్న మాట ఫ్లీబేన్. ఈ అనువాదం సరైనదేనా? గడ్డిచామంతి అంటే సరిపోయేది కాదా?

సమాధానం: అనువాదకులు మాటను రెండు ముక్కలుగా విరిచి, రెండింటినీ తప్పుగా అతికించారు. గోమారి, పిడుదు అనేవి పశువుల చర్మాన్ని కరచిపట్టుకొని రక్తం పీల్చే పురుగులు. ఫ్లీ అన్నది కుక్కల, పిల్లుల ఒంటిమీద గెంతే రెక్కల్లేని చిన్న పురుగు. 'బేన్' అనే మాటకు పాత ఇంగ్లీషులో చంపేది అని అర్థం. విషమనే అర్థం తరువాత వచ్చి చేరింది. ఎండబెట్టిన ఈ మొక్కను పక్కల్లో ఉంచినా, పొగ వేసినా ఆ పురుగులు పోతాయన్న నమ్మకమే పేరుకు మూలం. మన వేపాకు పొగ వంటిదే. తెలుగులో "విషం పూలు" అనగానే ఆ నమ్మకం స్ఫురించదు సరికదా, ముట్టుకుంటే ముప్పేమోనన్న అనుమానం కలుగుతుంది.

గడ్డిచామంతి అన్న మీ సూచన చెవికి ఇంపుగానే ఉంది కాని, ఆ పేరు ఇప్పటికే మరొక మొక్కది. గట్ల మీద పాకుతూ, పొడవాటి కాడ చివర పసుపుపచ్చని చిన్న పువ్వు పూసేదాన్ని, గాయాలకు ఆకు నలిపి పసరు పిండేదాన్ని మనవారు గడ్డిచామంతి అంటారు. అదీ చామంతి కుటుంబంలోదే, అదీ అమెరికా ఖండం నుంచి వచ్చినదే, అయినా ఫ్లీబేన్ కాదు.

పరాయి మొక్కలకు పేరు పెట్టడంలో తెలుగువారు అనువాదం మీద ఆధారపడింది తక్కువ. ఇదే కుటుంబానికి చెందిన సన్‌ఫ్లవర్‌ను సూర్యపుష్పమని మక్కికి మక్కి దించకుండా, దాని నడత చూసి పొద్దుతిరుగుడు అన్నారు. (నిజానికి పొద్దుతోపాటు తిరిగేది లేత మొగ్గే, ముదిరిన పువ్వు తూర్పుకే మొహం పెట్టి నిలుస్తుంది.) పంటచేలను పాడుచేసే పార్థీనియంకు వయ్యారిభామ అని పేరు పెట్టిన పల్లెవాసి చమత్కారం ఏ పారిభాషిక పదకోశానికీ పట్టుబడదు.

సహదేవి అనవచ్చునా అని కూడా కొందరు అడుగుతారు. మన సహదేవిని, అంటే గరిటికమ్మను, ఇంగ్లీషులో ఊదా ఫ్లీబేన్ అన్న అర్థం వచ్చే పేరుతో పిలవడమే ఇందుకు కారణం. అయితే సహదేవి పువ్వుకు చుట్టూ రేకులుండవు, ఊదారంగు కుచ్చులా ఉంటుంది. అమెరికా ఫ్లీబేన్‌కు పసుపుపచ్చని బొడ్డు చుట్టూ దారాల వంటి సన్నని తెల్లరేకులు, కొన్ని జాతులలో వందకు మించి, ఉంటాయి. కనుక కథలో "చామంతిని పోలిన ఫ్లీబేన్ పూలు" అని మొదటిసారి రాసి, ఆపైన ఫ్లీబేన్ అని వాడితే చాలునని నా అభిప్రాయం.

ఈ మొక్క శాస్త్రీయ నామమైన ఎరిజెరాన్‌కు గ్రీకులో "తొందరగా ముసలివాడైనవాడు" అన్న అర్థం చెబుతారు. పూలు వాడగానే గింజలకు తెల్లవెంట్రుకలు వస్తాయి, సహదేవిలోనూ అంతే. మన పాఠ్యపుస్తకాలు వాటిని కేశగుచ్ఛం అంటాయి.