మొదటి ఫుల్ మారథాన్ 4 గంటల్లోపు సాధ్యమేనా?

ప్రశ్న: "నాకు 36 ఏళ్లు, విజయవాడ. డిసెంబరులో మా ఊళ్లోనే హాఫ్ మారథాన్ 1:58లో పూర్తి చేశాను. ఆగస్టు చివర్లో హైదరాబాద్‌లో మొదటి ఫుల్. రెండింతలు వేసుకున్నా 3:56 అవుతోంది కదా, 4 గంటల్లోపు కొట్టొచ్చా? వారానికి ఎంత పరిగెత్తాలి? ముందే ఒకసారి 42 పరిగెత్తి చూసుకోవాలా?"

కష్టమండీ, కనీసం ఆగస్టులో హైదరాబాద్‌లో. మీ కాళ్ల మీద నాకు అనుమానం లేదు, ఆ దారి, ఆ నెల తెలిసి చెబుతున్నాను. హైదరాబాద్‌కు 4:30 పెట్టుకోండి. సబ్-ఫోర్‌ను, అంటే 4 గంటల్లోపును, చలికాలంలో చదునైన ఊరికి దాచుకోండి. నేనూ నా మొదటి ఫుల్ ఇక్కడే పరిగెత్తాను. 4:45 అనుకుని బయల్దేరి 4:43కి స్టేడియంలోకి వచ్చాను. మరుసటి ఫిబ్రవరిలో ఢిల్లీలో అవే కాళ్లు 4:17 ఇచ్చాయి. మధ్యలో ఆరు నెలల ప్రాక్టీసు ఉంది, నిజమే. కానీ ఆ తేడాలో పెద్ద వాటా ఢిల్లీ చలిది, ఢిల్లీ రోడ్లది.

ముందు మీ లెక్క చూద్దాం. హాఫ్‌ను రెండింతలు చేస్తే ఫుల్ రాదు. రన్నర్లు వాడే రీగల్ సూత్రం ఒకటుంది. దాని ప్రకారం దూరం రెట్టింపైతే సమయం సుమారు 2.085 రెట్లవుతుంది. మీ 118 నిమిషాలకు అది 4:06. అది కూడా ఫుల్‌కు సరిపడా ప్రాక్టీసు ఉండి, రెండు రేసులూ ఒకే రకం రోడ్డు మీద, ఒకే రకం వాతావరణంలో జరిగితేనే. మొదటిసారి వాళ్లలో చాలామందికి దీని మీద ఇంకాస్త కలుస్తుంది. ఇంకోలా చూడండి. 4 గంటలంటే కిలోమీటరుకు 5:41. మీ హాఫ్ పేస్, అంటే కిలోమీటరుకు పట్టిన సమయం, 5:36. అంటే ఒంట్లో ఉన్నదంతా పెట్టి 21 కిలోమీటర్లు పరిగెత్తిన వేగానికి ఐదంటే ఐదు సెకన్లు తగ్గించి 42 పరిగెత్తాలి. కాగితం మీద పెడితే ఇదీ సంగతి.

ఇక దారి. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. మలుపులు అప్పుడప్పుడు మారుస్తారు గానీ స్వభావం మారదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డు పల్లం, జూబ్లీహిల్స్ మిట్ట. ఆ పల్లంలోంచి ఈ మిట్టకు ఎక్కాలి, మధ్యలో ఫ్లైఓవర్లు కొసరు. రోజూ స్కూటీ మీద తిరిగే రోడ్డే, అందులో ఎత్తు ఉందని ఆ రోజే తెలుస్తుంది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద జనం సెల్ఫీలకు ఆగుతారు. మీరూ ఆగండి, పది సెకన్లకు కొంపలేం మునగవు. అసలు పని ఆ తర్వాత గచ్చిబౌలి ఫ్లైఓవర్ దగ్గర, సెంట్రల్ యూనివర్సిటీ లోపలి రోడ్ల మీద ఉంటుంది. చప్పట్లు కొట్టే జనం పల్చబడేదీ, కాళ్లు మాట వినడం మానేసేదీ ఇంచుమించు ఒకేచోట.

ఆగస్టు చివరంటే వాన పడితే తడి, పడకపోతే ఉక్క. తెల్లవారకముందే మొదలుపెట్టినా మనలాంటి వాళ్లకు చివరి గంట ఎండలోనే. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. కెన్యా రన్నర్ కిప్చోగే 2019 అక్టోబరు 12న వియన్నాలో ఫుల్‌ను 1:59:40లో పరిగెత్తినప్పుడు ఏం చేశారో చూడండి. చదునైన రోడ్డు వెతికారు, వాతావరణం చూసుకుని రోజు ఖాయం చేశారు, గాలి తగలకుండా చుట్టూ వంతులవారీగా పేసర్లను, అంటే వేగం తప్పకుండా తోడు పరిగెత్తేవాళ్లను పెట్టారు. అందుకే దాన్ని అధికారిక రికార్డుగా లెక్కవేయలేదు. ఆయనంతటాయనకే అన్ని ఏర్పాట్లు కావలసివస్తే, మనం ఉక్కలో ఫ్లైఓవర్లు ఎక్కుతూ సబ్-ఫోర్ అనుకోవడం ఏమిటి చెప్పండి.

మీకు ఒక లాభం ఉంది, అది హైదరాబాద్ వాళ్లకు లేదు. ఆగస్టు రేసుకు మే మొదట్లో ప్రాక్టీసు మొదలవ్వాలి. అంటే విజయవాడలో, రోహిణి కార్తె మీదుగా. రోళ్లు పగిలే ఎండలో లాంగ్ రన్, అంటే దూరపు పరుగు, చేసినవాడికి ఆగస్టు హైదరాబాద్ ఉదయం చల్లగానే ఉంటుంది. కాకపోతే ఆ రెండు నెలలు వాచీలో పేస్ చూడకండి. నాలుగింటికే బయటపడండి, మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా వెళ్లండి. పేస్ 7:20 వచ్చినా దిగులు వద్దు, వానలు పడ్డాక అది దానంతటదే దిగుతుంది. మీకు లేనిది ఎత్తు. ప్రకాశం బ్యారేజీ మీద ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగినా పిక్కలకు ఎత్తు అలవాటు కాదు. వారానికోసారి కొండపల్లి ఖిల్లా ఘాట్ రోడ్డు దాకా వెళ్లగలిగితే చాలు. ఎక్కేటప్పుడు చిన్న అడుగులు వేయండి. దిగేటప్పుడు బ్రేకులు వేస్తున్నట్టు మడమలు గుద్దకండి, తొడలు అరిగేది అక్కడే.

వారానికి ఎంత అంటే, ఇప్పుడు 25-30 కిలోమీటర్లు చేస్తుంటే మెల్లగా పెంచుకుంటూ జులైకల్లా 55 దాకా తీసుకెళ్లండి. నాలుగు రోజులు పరుగు, రెండు రోజులు కాళ్లకు, నడుముకు బలం పెంచే వ్యాయామం, ఒకరోజు ఏమీ వద్దు. లాంగ్ రన్ 30-32 దగ్గర ఆపండి, అలాంటివి మూడు పడితే చాలు. ముందే 42 పరిగెత్తి చూడాల్సిన పని లేదు. దాన్నుంచి కోలుకోవడానికే వారాలు పడుతుంది, ఆ వారాల ప్రాక్టీసు గంగలో కలుస్తుంది. ఆఖరి పెద్ద లాంగ్ రన్ రేసుకు మూడు వారాల ముందు. ఆ తర్వాత టేపర్, అంటే దూరం తగ్గించుకుంటూ రావడం. ఆ రోజుల్లో లేని నొప్పులన్నీ వస్తున్నట్టు అనిపిస్తుంది. మావారు "మోకాలు నొప్పి అన్నావు, ఇప్పుడు మడమంటున్నావు, రేపేమిటో" అని వెక్కిరించేవారు. పట్టించుకోకండి. టైమ్ టార్గెట్ ఉన్నవాళ్లు రెండు మూడు లాంగ్ రన్లలో చివరి 8-10 కిలోమీటర్లు రేసు పేస్‌లో పరిగెత్తాలి. మీకైతే అది 6:24. అలసిన కాళ్లతో ఆ వేగం ఎలా ఉంటుందో ముందే తెలియాలి.

30 కిలోమీటర్లు దాటాక ఒక్కసారిగా ఒంట్లో శక్తి అయిపోతే "వాల్ కొట్టింది" అంటుంటారు, దాని వెనక లెక్క సులువే. పరుగులో కిలో బరువుకు కిలోమీటరుకు దాదాపు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. 65 కిలోల మనిషికి 42 కిలోమీటర్లకు 2,700 పైచిలుకు. కండరాల్లో, కాలేయంలో పిండి పదార్థం రూపంలో నిల్వ ఉండేది రెండు వేల చిల్లర. మిగతాది కొవ్వు ఇస్తుంది, కానీ ఆ కొవ్వు కరిగే వేగం మీ పరుగుకు చాలదు. అందుకని దారిలో తింటూ పోవాలి, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం. రన్నర్లు దారిలో పిండుకుని తినే చిన్న ప్యాకెట్, జెల్, ఒక్కోదాంట్లో 20-25 గ్రాములుంటాయి. నేను 40 నిమిషాలకొకటి తీసుకున్నాను, ఆకలి వేసేదాకా ఆగలేదు. ఖర్జూరాలు చౌక, మంచివి కూడా, కానీ 30 దాటాక నమలడం కూడా ఒక పనే. ఏది తిన్నా లాంగ్ రన్లలో అలవాటు చేసుకున్నదే తినండి. రేసు ముందు జరిగే ఎక్స్‌పోలో ఉచితంగా ఇచ్చిన కొత్త ఫ్లేవర్ ఆ రోజు నోట్లో పెట్టొద్దు. పొద్దున రేసుకు రెండు గంటల ముందు రెండు మూడు ఇడ్లీలు, పంచదారో తేనో అద్దుకుని. కారప్పొడి ఇంటికొచ్చాక.

నీళ్ల సంగతి ఇంకా జాగ్రత్త. ఒక గంట పరుగుకు ముందూ తర్వాతా, చెమట తుడుచుకుని, బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగిన నీళ్లు దానికి కలుపుకోండి. అంతకు మించి తాగొద్దు. భయంకొద్దీ దారిలో ప్రతి నీళ్ల టేబుల్ దగ్గరా ఉత్త నీళ్లు తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది, అది దాహం కంటే ప్రమాదం. మందుల షాపులో లీటరుకు ఒక ప్యాకెట్ కలుపుకునే అసలైన ఓఆర్‌ఎస్ కొనండి. పక్కనే పండ్ల రుచుల్లో దొరికే తీపి డబ్బాలు ఓఆర్‌ఎస్ కావు. వాటి మీద ఆ పేరు ఉండకూడదని మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ వాడకాన్ని ఆపించింది. ముందుజాగ్రత్తగా నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తేవాళ్లను చూశాను, ఆ పని మాత్రం చేయకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీద పడతాయి.

రేసు రోజు పేస్ గురించి. 4:30కి సగటు 6:24, కానీ వాచీని నమ్ముకుంటే మునుగుతారు. దారిని కొలిచేది అతి దగ్గరి గీత మీద. మనం మలుపుల్లో బయటి అంచున, జనాన్ని తప్పించుకుంటూ పరిగెత్తుతాం, అందుకే ముగిసేసరికి వాచీ 42.6 దాకా చూపిస్తుంది. అప్పుడు 4:30 రావాలంటే వాచీలో 6:20 కనిపించాలి. నేను వాచీ తనంతట తానే కిలోమీటర్లు లెక్కపెట్టే ఆటో ల్యాప్ తీసేసి, కిలోమీటరు బోర్డు వచ్చినప్పుడల్లా బటన్ నొక్కుకున్నాను. మొదటి పది 65 నిమిషాలకు తగ్గకుండా చూసుకోండి. నెక్లెస్ రోడ్డు చదును, చీకటి, చల్లగాలి, డప్పులు, పక్కనంతా జనం. అక్కడ 5:50 కూడా నడకలా అనిపిస్తుంది. ఎత్తుల్లో పేస్ చూడొద్దు, ఊపిరి చూసుకోండి. 7 నిమిషాలైనా పర్వాలేదు, దిగుడులో కొంత తిరిగొస్తుంది.

పేసర్ల బస్సు ఉంటుంది, అంటే ఒక పేసర్ వెంట ఒకే వేగంతో పరిగెత్తే గుంపు, ఆయన జెండా మీద టైమ్ రాసుంటుంది. 4:30 బస్సు ఎక్కండి. నేను 4:45 బస్సులో వెళ్లాను. మా పేసర్ పెద్దాయన, అరవై దగ్గర ఉంటాయి. గచ్చిబౌలి ఫ్లైఓవర్ మొదట్లోనే "పైకి చూడొద్దమ్మా, ముందు వాళ్ల బూట్లు చూడండి, చేతులు ఊపండి" అన్నాడు. సగం ఎక్కానో లేదో కుడి పిక్క పట్టేసింది, లోపల ముడి పడ్డట్టు. రెయిలింగ్ పట్టుకుని మడమ నేలకు ఆన్చి సాగదీశాను. ఇరవై దాకా లెక్కపెట్టి మళ్లీ కదిలాను. ఫ్లైఓవర్ దిగాక టేబుల్ దగ్గర ఇంటర్ చదివే కుర్రాడు స్టీలు పళ్లెంలో నారింజ తొనలు, పక్కన ఉప్పు కుప్ప పెట్టుకుని "ఆంటీ, ముంచుకుని తినండి" అన్నాడు. పులుపు, ఉప్పు కలిసి నాలుకకు తగలగానే ప్రాణం లేచొచ్చింది. అప్పటికి బస్సు రెండొందల మీటర్లు ముందుంది. ఒక్కసారిగా ఉరకలేదు, యూనివర్సిటీ చెట్ల కింద రెండు కిలోమీటర్ల పొడవునా కొంచెం కొంచెంగా కలుపుకున్నాను. మావారు క్యాంపస్ గేటు దగ్గర గ్యాస్ పోయిన కోలా సీసాతో నిలబడ్డారు. అది రెండు గుక్కలు. చివరి రెండు కిలోమీటర్లలో బస్సును దాటేశాను, పెద్దాయన వెనకనుంచి "పో పో" అని అరిచాడు.

మీ నెట్ టైమ్, అంటే మీ సొంత సమయం, దాన్ని కొలిచే చిప్ స్టార్ట్ దగ్గరి మ్యాట్ దాటినప్పుడు మొదలవుతుంది, గన్ పేలినప్పుడు కాదు. కాబట్టి ముందు వరసల్లోకి తోసుకుంటూ వెళ్లే పని లేదు. తొడల మధ్య, చంకల్లో వాజెలిన్ దట్టంగా రాయండి. మగవాళ్లకు చనుమొనల మీద టేప్ తప్పనిసరి, లేదంటే టీషర్టు మీద రెండు ఎర్ర గీతలు. బూట్లు అరసైజు పెద్దవి, కనీసం ఒక లాంగ్ రన్ చూసినవి.

విజయవాడ నుంచి వస్తున్నారు కాబట్టి ఒక మాట. బిబ్, అంటే ఛాతీకి తగిలించుకునే నంబరు, ముందు రోజుల్లోనే ఎక్స్‌పోలో తీసుకోవాలి. అందుకని శనివారం మధ్యాహ్నానికల్లా ఊళ్లో ఉండండి, రాత్రి బస్సులో కూర్చుని పొద్దున్నే పరుగుకు రావొద్దు. మొదలు ఒక చివర, ముగింపు ఇంకో చివర. కారు పీపుల్స్ ప్లాజా దగ్గర పెడితే పరుగయ్యాక ఊరంతా దాటి మళ్లీ అక్కడికే రావాలి. గది గచ్చిబౌలి వైపు తీసుకుని తెల్లవారుజామున క్యాబ్‌లో స్టార్ట్‌కు వెళ్లడం మేలు, క్యాబ్ ముందు రాత్రే బుక్ చేసుకోండి. హోటల్‌లో లిఫ్ట్ పనిచేస్తోందో లేదో కూడా అడగండి. ఎక్కడానికి కాదు, సోమవారం దిగడానికి.