కుర్రతనంలో దారితప్పిన పిల్లలందరికీ పెద్దయ్యాక యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్ (ఎదుటివాళ్ల హక్కుల్ని లెక్కచేయని మానసిక సమస్య) వస్తుందా?

రాదు, కాండక్ట్ డిజార్డర్ (దొంగతనాలు, కొట్టడం లాంటివి ఆగకుండా సాగే పిల్లల సమస్య) ఉందని డాక్టరు తేల్చిన పిల్లల్లో కూడా ఎక్కువమంది అక్కడిదాకా వెళ్లరు. డాక్టర్ల నియమాన్ని తిరగేసి చదవడంతోనే ఈ భయం పుడుతోంది. యాంటీసోషల్ అని నిర్ధారించాలంటే మనిషికి 18 ఏళ్లు నిండాలి, 15 ఏళ్లలోపే కాండక్ట్ డిజార్డర్ లక్షణాలు కనిపించి ఉండాలి. అంటే ఆ జబ్బున్న ప్రతివాడి వెనకా అలాంటి బాల్యం ఉంటుంది. అలాంటి బాల్యమున్న ప్రతివాడికీ ఆ జబ్బు రాదు. కాండక్ట్ డిజార్డర్ లక్షణాలు పదేళ్లు నిండకముందే మొదలై, తప్పు చేశాక బాధ కూడా లేకపోతే మాత్రం ముప్పు ఎక్కువే.

రాయగడలో పద్నాలుగేళ్ల కుర్రాడు నేస్తాలతో బడి ఎగ్గొట్టి, టికెట్ లేకుండా విశాఖ రైలెక్కాడనుకోండి. ఇంట్లో టెన్షన్ సహజమే గానీ, అంతమాత్రాన అది కాండక్ట్ డిజార్డర్ కూడా కాదు. ఏడేళ్ల నుంచే దొంగతనాలు, మూగజీవాల్ని హింసించడం, చిన్నపిల్లల్ని కొట్టడం ఆగకుండా సాగుతుంటే అది వేరే సంగతి. అప్పుడు చూపించాల్సింది సైకియాట్రిస్టుకి, భూతవైద్యుడికి కాదు.

ఇక 'యాంటీసోషల్' అంటే నలుగురిలో కలవనివాడని చాలామంది అనుకుంటారు. ఇక్కడ దాని అర్థం ఎదుటివాళ్ల హక్కుల్ని లెక్కచేయకపోవడం. అలాంటివాళ్లలో కొందరు మాటలతో ఇట్టే ఆకట్టుకుంటారు కూడా.