బండి కండిషన్‌లో ఉందంటే ఎవరి చలవ?

ఉత్తరం: మా నాన్నగారు 1987లో కొత్తగా కొన్న మారుతి వ్యాన్ తెనాలిలో మా ఇంట్లో ఉంది. ఇప్పటికీ ఫస్ట్‌క్లాస్ కండిషన్. అసలు రంగు పోలేదు, తలుపు ఒక్క వేలితో జరుగుతుంది. నాన్నగారు పోయి ఏడాదైంది. ఆర్.సి. ఇంకా ఆయన పేరు మీదే ఉంది. నేను తీసిన ఫొటో చూసి హైదరాబాద్‌లో పాత బండ్లు సేకరించే ఒకాయన 'ఇది వింటేజ్ బండి, మూడు లక్షలిస్తా' అన్నారు. ఇరవై వేలు అడ్వాన్స్ కూడా ఇచ్చారు. అమ్మ దగ్గరే ఉండే మా తమ్ముడు మాత్రం, నాన్నను రెండేళ్లు డయాలసిస్‌కి గుంటూరు అందులోనే తిప్పాను, అమ్మేది లేదంటున్నాడు. ఉత్త సెంటిమెంట్! మందులకు నేనూ నెలనెలా డబ్బు పంపాను. అన్నగా చెప్తే వినడం లేదు. వాణ్ని ఎలా ఒప్పించాలి? పోనీ, బండి ఉంచుకుని నా సగం వాటా లక్షన్నర ఇమ్మనడం తప్పా? మా ఆవిడా అదే అడగమంటోంది. చెల్లెలు మెల్‌బోర్న్‌లో ఉంది, తనకు పట్టింపు లేదు.
– ఒక పెద్దకొడుకు (54), హైదరాబాద్

జవాబు: ముందు మీ లెక్క తేల్చేద్దాం, అది తేలిక. మీకు సగం రాదు. వీలునామా రాయకుండా తండ్రి పోతే కొడుకులతో పాటు భార్యకూ కూతురికీ సమాన వాటా. అంటే మీది నాలుగో వంతు, డెబ్బై ఐదు వేలు. బండి యజమాని పోతే ముప్ఫై రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31 పెట్టి వారసుల పేరుకు మార్పించుకోవాలి. ఒకరి పేరుకు మారాలంటే మిగతావాళ్లు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి. అదేదీ కాకుండానే మీరు అడ్వాన్స్ పుచ్చుకున్నారు. ఇక వింటేజ్ అన్నారని మురిసిపోకండి. ప్రభుత్వ లెక్కలో ఆ హోదా యాభై ఏళ్లు దాటిన బండికే. మీది ఇంకా ముప్ఫైల్లోనే ఉంది.

తమ్ముణ్ని ఎలా ఒప్పించాలన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పను. నచ్చజెప్పాల్సింది అతనికి కాదు.

"ఇప్పటికీ ఫస్ట్‌క్లాస్ కండిషన్" అన్నారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. దానంతటదే అలా ఉందా? ఓమ్ని అన్న పేరు రాకముందు బండి అది. 796 సీసీ కార్బ్యురేటర్ ఇంజన్, ముందు సీట్ల కిందే ఉంటుంది. పది రోజులు కదపకపోతే చోక్ లాగి బతిమాలుకోవాలి. వానల్లో తలుపు కింది పట్టాలోనూ, చక్రాల మీది రేకు మడతల్లోనూ నీళ్లు చేరి లోపల్నుంచి తుప్పు తింటుంది. తెనాలి తేమలో మరీను. ఆ మోడల్ తయారీ 2019లోనే ఆగిపోయింది. అలాంటి బండి తలుపు ఇవాళ ఒక్క వేలితో జరుగుతోందంటే, ఆ పట్టా తుడిచి గ్రీజు పెట్టిన చెయ్యి ఒకటుంది. పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఆర్.సి. రెన్యువల్ చేయించిన మనిషి ఒకడున్నాడు. నాన్నగారు మంచాన పడ్డాక అది ఎవరై ఉంటారు? మీ ఉత్తరంలో అతని గురించి ఉన్నదల్లా, మాట వినడని.

డయాలసిస్ సంగతి మీరు ఒక్క ముక్కలో దాటేశారు. నేను దాటలేను. మామూలుగా వారానికి మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ మెషీన్ మీద నాలుగు గంటలు, రాకపోకలు వేరే. తిరిగొచ్చేటప్పుడు బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, దారిలో వాంతులు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా ఉన్న చెయ్యి పట్టి లాగకూడదు. రెండో వైపు నిలబడి, చంక కింద భుజం ఆనించి, మెల్లగా ఎక్కించాలి. అందుకు పక్కకు జరిగే ఆ వెడల్పాటి తలుపు, వెనక కాళ్లు చాపుకునే చోటు ఎంత ఆసరా అయ్యాయో చూసుకున్నవాళ్లకే తెలుస్తుంది. రెండేళ్లు అలా తిరిగినవాడు బండి ఇవ్వనంటే దాన్ని ఉత్త సెంటిమెంట్ అనడానికి మీకు మనసెలా ఒప్పింది?

డబ్బు పంపారు, కాదనను. ఈఎంఐలు కట్టుకుంటూ నెలనెలా పంపడం చిన్న సంగతేం కాదు. కానీ తలకొరివి పెట్టినంత మాత్రాన, ముందు పుట్టినంత మాత్రాన పెద్దరికం వచ్చేస్తుందని నేను నమ్మను. 'అన్నగా చెప్తే' అన్నారు. అన్నగా ఏం చెప్పారు? ఈ ఏడాదిలో ఒక్కసారైనా "నాన్నను బాగా చూసుకున్నావురా" అన్నారా? నాకు తోచింది చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మీకు మూడు లక్షల అవసరం ఉన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ వ్యాన్ వాకిట్లో కనిపించినంత కాలం తమ్ముడికి మీరు పడ్డ బాకీ గుర్తొస్తోంది. బండి పోతే బాకీ కూడా పోతుందనుకుంటున్నారు.

మీ ఆవిణ్ని ఇందులోకి లాగకండి. అడ్వాన్స్ పుచ్చుకుంది మీరు. అన్నట్టు, అమ్మగారిని అడిగారా? వాటాదారుల్లో ఆవిడా ఒకరు, ఆ ఇంట్లో ఉంటున్నదీ ఆవిడే.

తమ్ముడి తప్పు అసలే లేదనను. పోయిన మనిషి పేరు మీదున్న బండిని అలాగే తిప్పుతుంటే రేపు జరగరానిది జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర పెద్ద చిక్కు. పేరు మార్పించుకోకపోవడం అతని అశ్రద్ధే. మీరు పెద్దవారు కదా, ఆ పని మీరు చేయించండి. ఈ ఆదివారం తెనాలి వెళ్లి, వాటా మాట ఎత్తకుండా, బండి అతని పేరుకు మార్చడానికి అభ్యంతరం లేదని సంతకం పెట్టివ్వండి. చెల్లెలికి మీరే ఫోన్ చేసి తన సంతకమూ తెప్పించండి. పట్టింపు లేదని ఆమె తరఫున మీరు అనుకుంటే చాలదు. తర్వాత ఎప్పుడైనా అతనే అమ్ముకుంటే అది అతనిష్టం. మీకో రూపాయి ఇస్తే తీసుకోండి, ఇవ్వకపోతే అడక్కండి.

ఆ ఇరవై వేలు మాత్రం ఆదివారం దాకా ఆగకుండా ఇవాళే వెనక్కి పంపేయండి. ఆయన ఇంకో పాతిక వేలు పెంచుతానంటాడు. వినకండి.