47 వేల మైళ్ళే కదన్నా!

"47 వేల మైళ్ళే కదన్నా, అప్పుడే టైమింగ్ బెల్ట్ ఎందుకు?" న్యూజెర్సీలో మా ఎడిసన్‌కి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు మొన్న అడిగాడు. అమ్మానాన్నలు వస్తున్నారని 2009 హోండా ఓడిస్సీ కొన్నాడు. అమ్మినాయన పెద్దాయన, చర్చికీ గ్రోసరీకీ తప్ప బయటికి తియ్యలేదట. సీట్ల మీద ఒక్క మరక లేదు.

బండి బంగారమే. ఇంజన్‌లో పిస్టన్లనీ, గాలీ పొగా వెళ్ళే తలుపుల్లాంటి వాల్వుల్నీ ఒకే తాళంలో నడిపే ఆ రబ్బరు బెల్ట్ మాత్రం మార్చాల్సిందే.

రబ్బరుకి మైళ్ళతో పాటు ఏళ్ళూ లెక్కే. ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ అటక మీద పడేసి ఉంచినా బిగుసుకుపోతుంది కదా, ఇదీ అంతే. అందుకే లక్ష మైళ్ళు దాటకపోయినా ఏడేళ్ళకోసారి మార్చమంటారు, ఏది ముందొస్తే అది. ఈ బండికి పదిహేనేళ్ళు దాటాయి. డాష్‌బోర్డ్ చెబుతుంది కదా అని వాడి ధీమా. హోండాలో బెల్ట్ మార్చమని 4 అంకె వచ్చే మాట నిజమే, కానీ అది చూసేది బండి ఎంత తిరిగిందనే. ఏడాదికి మూడు వేల మైళ్ళు తిరిగే బండిలో ఆ 4 కనబడేసరికి వాడి పిల్లలు కాలేజీకి వెళ్తారు.

నేను ఈ పాఠం డబ్బు కట్టి నేర్చుకున్నాను. 2012లో రూట్ 1 మీద నా 2001 సివిక్ ఉన్నట్టుండి ఆగిపోయింది. చప్పుడు లేదు, పొగ లేదు. కీ తిప్పితే స్టార్టర్ ఏ పట్టూ లేకుండా జుయ్యిమని తిరిగింది. బెల్ట్ తెగింది. అలాంటి ఇంజన్లలో బెల్ట్ తెగితే తెరుచుకుని ఉన్న వాల్వులకి పిస్టన్లు వచ్చి తగులుతాయి. వాల్వులు వంగాయి, రిపేరు ఖర్చు బండి ధర దాటింది. 3,200 డాలర్లకి కొన్నదాన్ని 300కి తుక్కు కింద ఇచ్చేశాను. ఆ చలిలో టో ట్రక్కు కోసం నిలబడ్డ రెండు గంటలు అదనం.

తమ్ముడి బండికి నేనూ మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. తీసిన బెల్ట్ పైకి బాగానే ఉంది. మెకానిక్ దాన్ని వెనక్కి మడిచి చూపిస్తే పళ్ళ మధ్య సన్నగా వెంట్రుకల్లా పగుళ్ళు. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్‌ని తిప్పే వాటర్ పంప్ అంచున అది కారి ఎండిపోయి పొక్కు కట్టి ఉంది, బెల్ట్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ నుంచి నూనె చెమర్చుతోంది. మా వాడింక మాట్లాడలేదు.

బెల్ట్ ఒక్కటే మార్పించకండి. బెల్ట్ ఖరీదు కొంచెమే, విప్పే కూలీయే ఎక్కువ. ఈ వీ6లో, అంటే ఆరు సిలిండర్ల ఇంజన్‌లో, వాటర్ పంప్‌ని తిప్పేదీ ఆ బెల్టే, కాబట్టి పంపు, టెన్షనర్, బెల్ట్‌కి దారి చూపే ఐడ్లర్ పుల్లీలు అన్నీ కలిపి ఒకేసారి. ఐసిన్ అనే కంపెనీ కిట్‌లో ఇవన్నీ వస్తాయి. ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరికే ఊరూపేరూ లేని కిట్ల జోలికి పోవద్దు. డీలర్ 1,600 డాలర్లు అడిగితే, బయటి షాపులో వాడికి 1,100 అయింది.

కొనేటప్పుడే రసీదు అడగండి. "బెల్ట్ మార్చాం" అని రాసి ఉంటే నమ్మేయకండి, చాలాసార్లు అది ఆల్టర్నేటర్‌ని తిప్పే బయటి బెల్ట్. టైమింగ్ బెల్ట్ అని, పక్కన తేదీ, మైళ్ళు ఉండాలి. రుజువు లేదంటే మార్చలేదనే లెక్క, ఆ మేరకు బేరం తగ్గించుకోండి. అమ్మేవాళ్ళూ ఏమీ అనుకోరు.

ఇక మీరు చూస్తున్నది 2002 తర్వాతి నాలుగు సిలిండర్ల క్యామ్రీయో, 2003 తర్వాతి నాలుగు సిలిండర్ల అకార్డో, 2006 తర్వాతి సివిక్కో అయితే ఈ గొడవే లేదు, వాటికి బెల్ట్ బదులు చెయిన్ ఉంటుంది. ఆయిల్ మాత్రం వేళకి మార్చండి, చెయిన్‌కి అదే తిండి.