ఎముకను పెంచే పరిశోధనకు బైపీసీ దారి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మూలకణాలతో ఎముకను పెంచే పరిశోధన చేస్తానంటోంది. ఏం చదివించాలి? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: కోర్సు కన్నా ముందు ఆ పని ఎలా ఉంటుందో అమ్మాయికి తెలియాలండీ. ఎముక మజ్జలోంచి తీసిన మూలకణాలను (వేరే రకం కణాలుగా మారగల కణాలు) హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలో ఉండే ఖనిజం) లాంటి కాల్షియం ఫాస్ఫేట్‌తో చేసిన ముక్క మీద వేస్తారు. ఈ ముక్కను స్కాఫోల్డ్ అంటారు. స్పాంజిలా ఉంటుంది, రంధ్రాలు 300 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే రక్తనాళాలు పెరగడానికి అనువు. అవి ఎముక కణాలుగా మారేందుకు డెక్సామెథసోన్, బీటా గ్లిసరోఫాస్ఫేట్, విటమిన్ సి కలిపిన మీడియాన్ని (కణాలు పెరిగే పోషక ద్రవం) రెండు మూడు రోజులకోసారి మారుస్తూ మూడు వారాలు పెంచాలి. మధ్యలో బూజు పట్టిందా, మళ్లీ మొదటికే.

కాల్షియం పేరుకుందా అన్నది అలిజరిన్ రెడ్ రంగు వేసి చూస్తారు. కానీ స్కాఫోల్డ్‌లోనే కాల్షియం ఉంటే, ఒక్క కణం లేకపోయినా అది ఎర్రబడుతుంది! కణాలు వేయని ముక్కకూ అదే రంగు వేసి పోల్చకపోతే ఫలితానికి విలువ లేదు. ఇంకా పెద్ద చిక్కు ముక్క మందం. రక్తనాళానికి 100–200 మైక్రాన్ల అవతల ఆక్సిజన్ సరిగా అందదు, నడిమధ్య కణాలు చచ్చిపోతాయి. ఈ రంగంలో తేలాల్సిన అసలు సమస్య ఇదే.

ఇక చదువు. ఎంసెట్ స్థానంలో వచ్చిన ఈఏపీసెట్‌తో బీటెక్ బయోటెక్నాలజీలో చేరవచ్చు, మంచి కాలేజీలో బయోకెమిస్ట్రీ ఉన్న బీఎస్సీ అయినా ఫర్వాలేదు. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ బీటెక్‌కు జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి, అంటే ఇంటర్‌లో లెక్కలు ఉండాల్సిందే, బైపీసీతో వీలుకాదు. బీటెక్ తర్వాత గేట్ రాసి అక్కడే ఎంటెక్‌కు ప్రయత్నించవచ్చు. బైపీసీ కదా అని లెక్కలు మాత్రం వదిలేయనివ్వకండి. స్కాఫోల్డ్ ఎంత బరువు మోస్తుందో, ఎన్నాళ్లకు కరుగుతుందో లెక్కగట్టేది ఆ అమ్మాయే. ఎంఎస్సీకి గ్యాట్-బి అనే బయోటెక్నాలజీ ప్రవేశ పరీక్ష ఉంది. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు వస్తాయి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థను తప్పక చూడండి, వైద్య పరికరాలు, బయోమెటీరియల్స్ మీద అక్కడ దశాబ్దాలుగా పని జరుగుతోంది. మొత్తం పది, పదకొండేళ్ల ప్రయాణం.

లక్షలు కట్టించుకుని "స్టెమ్ సెల్ థెరపీ సర్టిఫికెట్" ఇస్తామనేవాళ్లను నమ్మొద్దు. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్త వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్సలన్నీ క్లినికల్ ట్రయల్స్‌లోనే (అనుమతితో మనుషుల మీద చేసే పరీక్షలు) జరగాలి. ఆ డబ్బు దాచి, డిగ్రీ రెండో ఏడు వేసవిలో సెల్ కల్చర్ (కణాలను పెంచడం) చేసే ల్యాబ్‌లో రెండు నెలలు ఇంటర్న్‌షిప్‌కు పంపండి. అక్కడ మూడు వారాల కల్చర్ పాడైపోయాక కూడా మర్నాడు మళ్లీ మొదలుపెడుతుందేమో గమనించండి.