రాతిలో నీటి నడక, కంప్యూటర్‌లో లెక్క: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఇసుకరాయి కోర్‌కు (స్తంభంలా కోసిన రాతి ముక్కకు) తీసిన సీటీ స్కాన్ మీద లాటిస్ బోల్ట్జ్‌మన్ పద్ధతిలో (ద్రవాన్ని గడుల మీద కదిలే కణాల గుంపులుగా లెక్కకట్టే పద్ధతి) నీటి ప్రవాహాన్ని లెక్కకట్టాను. వోక్సెల్ (స్కాన్‌లోని ఒక్కో చిన్న ఘనపు చుక్క) 5 మైక్రాన్లు, ఘనం ఒక్కో వైపు 400 వోక్సెళ్లు. పర్మియబిలిటీ (రాయి ద్రవాన్ని ఎంత సులువుగా పోనిస్తుందనే కొలత) 900 మిల్లీడార్సీలు వచ్చింది. అదే కోర్‌కు ల్యాబ్‌వాళ్లు 300 అంటున్నారు. నా కోడ్ తప్పా, ల్యాబ్ తప్పా?
– ఎం.టెక్. విద్యార్థి, విజయవాడ

జవాబు: రెండూ కాకపోవచ్చు. ఎక్కువసార్లు తేడా వచ్చేది స్కాన్‌ను నలుపు తెలుపుగా, అంటే ఖాళీగా, రాయిగా విడగొట్టే దగ్గర. అయినా ముందు కోడ్‌ను పరీక్షించుకోండి, అరగంట పని. రెండు సమాంతర పలకల మధ్య 10 వోక్సెళ్ల సందు పెట్టి నడపండి. సందు వెడల్పు వర్గాన్ని 12తో భాగిస్తే పర్మియబిలిటీ, అంటే 8.33 లాటిస్ యూనిట్లు రావాలి. వచ్చాక స్నిగ్ధత మార్చి మళ్లీ నడపండి. పర్మియబిలిటీ రాతి గుణం, ద్రవం చిక్కదనాన్ని బట్టి అది మారకూడదు. మారుతోందంటే మీరు వాడుతున్నది ఒకే రిలాక్సేషన్ టైం ఉన్న బీజీకే పద్ధతి అయ్యుండాలి. అందులో గోడ ఉండే చోటే స్నిగ్ధతతో పాటు జరుగుతుంది. రెండు రిలాక్సేషన్ టైంలు ఉండే టీఆర్‌టీ పద్ధతికి మారండి.

తర్వాత యూనిట్లు. లాటిస్ అంకెను వోక్సెల్ వర్గంతో గుణించాలి. 5 మైక్రాన్ల వర్గం 25×10⁻¹² చదరపు మీటర్లు. 1 డార్సీ 9.87×10⁻¹³ చదరపు మీటర్లు. కాబట్టి 900 మిల్లీడార్సీలకు మీ కోడ్ ఇచ్చిన అంకె 0.0355 దగ్గర ఉండాలి, చూసుకోండి. ఫైలు మీ చేతికి వచ్చేలోపు బొమ్మ సైజును ఎవరైనా సగానికి తగ్గించారేమో కూడా అడగండి. అప్పుడు అసలు వోక్సెల్ 10 మైక్రాన్లు, జవాబు నాలుగు రెట్లు మారిపోతుంది.

ఇక థ్రెషోల్డ్, అంటే ఏ రంగు దాకా ఖాళీ, ఏది రాయి అని తేల్చే హద్దు. రంధ్రాలను కలిపే సన్నటి దారుల్లోనే, అంటే థ్రోట్‌లలోనే, ప్రవాహమంతా తేలిపోతుంది. ఒక థ్రోట్ నిజంగా 3 వోక్సెళ్ల వెడల్పే ఉందనుకోండి. థ్రెషోల్డ్ కాస్త అటు జరిగి రెండు పక్కలా ఒక్కో వోక్సెల్ ఖాళీగా మారితే వెడల్పు 5 అవుతుంది. గొట్టంలాంటి దారిలో ప్రవాహం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది కనుక, ఆ ఒక్క థ్రోట్‌లోనే 7.7 రెట్ల నీరు పోతుంది. మొత్తం పొరోసిటీలో (రాతిలో ఖాళీ శాతంలో) మాత్రం ఆ మార్పు పెద్దగా కనబడదు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. హీలియంతో కొలిచిన పొరోసిటీ 20 శాతం వచ్చింది కదా అని, బొమ్మలో కూడా 20 వచ్చేదాకా థ్రెషోల్డ్ జరుపుతారు. హీలియం బంకమట్టి ఖనిజాల లోపలి సూక్ష్మరంధ్రాల్లోకి కూడా దూరుతుంది, మీ 5 మైక్రాన్ల స్కాన్‌కు అవి బూడిదరంగు మరకలుగానే కనిపిస్తాయి. ఆ లోటును పూడ్చబోయి థ్రోట్‌లన్నిటినీ విప్పేస్తున్నారన్నమాట. బొమ్మలోని పొరోసిటీ హీలియం అంకె కంటే తక్కువ ఉండడమే సబబు. బూడిదరంగు వోక్సెళ్లను ఈసారి పూర్తిగా రాయి కింద లెక్కేసి నడపండి. మీ 900 చప్పున దిగిరావచ్చు.

మీ ఘనం ఒక పక్క 2 మిల్లీమీటర్లే. ల్యాబ్‌లో పెట్టే కోర్ వ్యాసం మామూలుగా 25 నుంచి 38 మిల్లీమీటర్లు. ఘనాన్ని 200 వోక్సెళ్ల చొప్పున 8 ముక్కలు చేసి ఒక్కోదానికి విడిగా లెక్క తీయండి. అవి 150 నుంచి 2,000 దాకా చెదిరి ఉంటే 900 అనే ఒంటి అంకెను నమ్మడానికి లేదు. ల్యాబ్‌ను అడగాల్సిందీ ఒకటుంది: చుట్టూ ఎంత ఒత్తిడి పెట్టి కొలిచారు? ఒత్తిడికి థ్రోట్‌లు మూసుకుని పర్మియబిలిటీ తగ్గుతుంది. స్కాన్ తీసినప్పుడు ఆ ఒత్తిడి ఉండదు.

ప్రశ్న: మంగళగిరి వైపు గ్రామాలకు మాడ్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్‌లో భూగర్భజల నమూనా చేస్తున్నాం. గడి 100 మీటర్లు. మోటారు నడుస్తున్న బోరులో నీరు నమూనా చెప్పినదానికంటే 3, 4 మీటర్లు కిందే ఉంటోంది. పర్మియబిలిటీ తగ్గిస్తే బోరు సరిపోతోంది, చుట్టుపక్కల బావులు చెడుతున్నాయి.
– గుంటూరు

జవాబు: పర్మియబిలిటీ జోలికి వెళ్లకండి. నమూనా ఇచ్చేది గడి మొత్తానికి ఒకే మట్టం, బోరు లోపలి మట్టం కాదు. 1978లో పీస్‌మన్ చూపించిన ప్రకారం, చదరపు గడిలో ఆ మట్టం బోరు నుంచి గడి వెడల్పులో సుమారు 0.2 వంతు దూరాన ఉండే మట్టానికి సమానం. మీకది 20 మీటర్లు. అక్కణ్నుంచి బోరు గోడ దాకా ఇంకెంత దిగుతుందో చేత్తో కట్టుకోవచ్చు: పంపింగ్‌ను, 2π తో గుణించిన ట్రాన్స్‌మిసివిటీతో (నీటిపొర తన మందమంతటా నీటిని పోనిచ్చే సామర్థ్యంతో) భాగించి, 20 మీటర్లకూ బోరు వ్యాసార్ధానికీ ఉన్న నిష్పత్తి సహజ లాగరిథంతో గుణించాలి. రోజుకు 200 ఘనపు మీటర్లు, ట్రాన్స్‌మిసివిటీ రోజుకు 50 చదరపు మీటర్లు, వ్యాసార్ధం 0.08 మీటర్లు అనుకుంటే 0.637 ను 5.52తో గుణించాలి, 3.5 మీటర్లు. మీరు చెప్పిన తేడా అదే. ఫిల్టర్ పైపు పూడుకుపోయి ఉంటే ఇంకా దిగుతుంది. కాలిబ్రేషన్‌కు (నమూనాను కొలతలకు సరిపెట్టడానికి) మోటారు లేని బావుల మట్టాలే వాడండి.

మీ నమూనాకు ఉత్తరాన కృష్ణ ఉంటుంది గనుక ఒక జాగ్రత్త. ప్రకాశం బ్యారేజీ ఎగువన మట్టం వేరు, దిగువన వేరు. రెండు కొలతల మధ్య సరళరేఖ గీసి నది గడులన్నిటికీ మట్టాలు పంచితే, బ్యారేజీ దగ్గర నీరు ఎక్కడా లేని దారుల్లో పారుతుంది. నదిని రెండు ముక్కలుగానే ఇవ్వండి. కాలువలను కూడా, నీరు వదలని నెలల్లో ఆపేసి నడపండి.

కొండల అంచున పై పొర గడులు ఎండిపోయి లెక్క కుదరకపోతే మాడ్‌ఫ్లో 6లో న్యూటన్ ఎంపికను ఆన్ చేయండి. ఎండిన గడులను చేత్తో తీసేయకండి. వాటితో పాటు ఆ చోట కురిసే వాన రీచార్జి కూడా పోతుంది.

ప్రశ్న: ఇదే నమూనాను బాపట్ల తీరం దాకా పొడిగిస్తే ఉప్పునీరు ఎంత లోపలికి వస్తుందో తెలుస్తుందా?
– గుంటూరు

జవాబు: ఇలాగే పొడిగిస్తే తెలియదు. సముద్రపు నీరు ఘనపు మీటరుకు సుమారు 1,025 కిలోలు, మంచినీరు 1,000. ఆ 25 కిలోల తేడాను లెక్కలోకి తెచ్చే బాయన్సీ ప్యాకేజీనీ, ఉప్పు కదలికకు ట్రాన్స్‌పోర్ట్ నమూనానూ జోడించాలి. పొరలు 20, 30 మీటర్ల మందంతో ఉంటే ఉప్పునీటి అంచు అలుక్కుపోతుంది, 2 మీటర్లకు తగ్గించండి. ఫలితం తేలాక ఒక సరిచూపు: నిలకడ స్థితిలో, సముద్రమట్టానికి పైన మంచినీరు 1 మీటరు ఉంటే ఉప్పునీటి హద్దు సముద్రమట్టానికి సుమారు 40 మీటర్ల కింద ఉండాలి. బోర్లు తోడి ఆ పైమట్టాన్ని అర మీటరు దించితే, కాలక్రమంలో కింది హద్దు 20 మీటర్లు పైకి వస్తుంది. మీ నమూనాలో అంకె దీనికి ఎన్నో రెట్లు తేడాగా ఉంటే ముందు తీరపు సరిహద్దు గడుల్లో ఇచ్చిన సాంద్రతను చూడండి.